చందనం ఒలిచిన సముద్రం

ఏడాదికి ఒక్కనాడు, వైశాఖ శుద్ధ తదియ నాడు, సింహాద్రి అప్పన్న ఒంటి మీది చందనం ఒలుస్తారు. మిగిలిన రోజులన్నీ గంధపు ముద్దలో దాగి, లింగమో శిఖరమో తెలియని చల్లని మౌనంలా ఉండే స్వామి ఆ ఒక్కరోజు వరాహ వదనంతో, నిజరూపంతో నిలుస్తాడు. ఆ రూపం కోసం ముందునాటి రాత్రి నుంచే కొండ మెట్లన్నీ మనుషులవుతాయి.

అంతకు ఒక నెల ముందు, అదే కొండకి తూర్పున, సముద్రం తన చందనం తానే ఒలుచుకుంటుంది.

దానికి ఎవరూ ముహూర్తం అచ్చువేయరు. టిక్కెట్లు లేవు, వరసలు లేవు, అంతరాలయమని వెలుపలి మండపమని తేడా లేదు. కొత్త అమావాస్య వెళ్ళి, ఉగాది పచ్చడిలోని వేపపువ్వు చేదు ఇంకా నాలుక మీద ఉండగానే, చైత్ర శుద్ధ విదియ నాటి మధ్యాహ్నం మూడు దాటిన వేళ, ఆ నీలి వలువ మెల్లగా జారుతుంది. మడత మీద మడతగా వెనక్కి వెళుతుంది. ఎండ మొహం ఎరుగని రాళ్లు ఎండలోకి వస్తాయి. తెలిసినవాళ్లు వచ్చి చూస్తారు. తెలియనివాళ్లు భీమిలి రోడ్డు మీద కారు అద్దాలు ఎత్తుకుని వెళ్ళిపోతారు. వాళ్లని నేనేమీ అనను. ఇన్నేళ్లు నేనూ అలాగే వెళ్ళాను.

నేను దిగింది మంగమారిపేట ఒడ్డున. విశాఖ నుంచి భీమిలి వెళ్తుంటే ఎడమ చేతివైపు తొట్లకొండ, కుడి చేతివైపు బంగాళాఖాతం. నడుమ జాలరి పల్లె, వలలు, పడవలు, ఎండుచేపల వాసన. ఒడ్డున అలలు తొలిచిన రాతి తోరణం ఒకటి ఉంది. మామూలు రోజుల్లో దాని కాళ్లు నురుగులో తడుస్తుంటాయి. ఈవేళ దాని కింద నేల తేలి, తలుపు తీసిన గుడిలా ఉంది. ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పాను. రెండడుగులు వేశానో లేదో వెనకనుంచి కేక.

"సెప్పులేసుకో బాబూ! సిప్పలు కాలు కోసేస్తాయి."

రాతి మీద గొంతుక్కూర్చున్న ముసలమ్మ. చేతిలో ఇనప ములుకు, పక్కన సత్తు గిన్నె. రాతిని కరిచిపట్టుకున్న ఆల్చిప్పల పైమూతలు లేపి, లోపలి మెత్తని మాంసం గిన్నెలో వేసుకుంటోంది. సిగ్గుపడి మళ్ళీ చెప్పులు తొడుక్కున్నాను. ఈ గుళ్ళోకి చెప్పులతోనే వెళ్ళాలి కాబోలు. ఇక్కడ నేలంతా ప్రాణమే, ఆ ప్రాణానికి పదునైన అంచులున్నాయి.

"ఈవేళ నీరు బాగా తీసిందమ్మా," అన్నాను.

"అమాస ఎల్లిన మూడోనాడు ఇలాగే తీస్తాది. గంగమ్మ పుట్టింటికెల్లింది. పొద్దుగూకేతలికి వొచ్చేస్తాది. అంతలోపే మన పని." ఇంకో చిప్ప విప్పి, నా వంక చూసి, "ఊరికే గుల్లలేరకు బాబూ. ఏరితే లోపల మనిసున్నాడేమో సూసి ఏరు," అంది.

మనిషి అంది. పురుగు అనలేదు, పీత అనలేదు.

ఆమె చెప్పిన పుట్టిల్లు ఆకాశంలో ఉంది. అమావాస్య నాడు సూర్యచంద్రులిద్దరూ ఒకే దిక్కున నిలిచి ఒకే తాడు లాగుతారు. చంద్రుడికన్నా సూర్యుడు 2 కోట్ల 70 లక్షల రెట్లు బరువు. అయినా సముద్రం మీద ఆయన లాగుడు చంద్రుడి లాగుడులో సగం కూడా లేదు. 3,84,400 కిలోమీటర్ల దూరాన, ఆకాశపు లెక్కలో మన వాకిట్లోనే ఉన్న ఆ చిన్నవాడి మాటే నీరు ఎక్కువ వింటుంది. బరువుకన్నా దగ్గరితనానికే అక్కడ చెల్లుబాటు. పిలవగానే పరుగెత్తడానికి సముద్రం చిన్నపిల్ల కూడా కాదు. అంత నీటినీ కదిలించుకుని, ఖండాల అంచులు ఒరుసుకుని, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా జవాబు చెబుతుంది. అందుకే అమావాస్య నాటికన్నా ఆ తరవాతి ఆటు లోతు. దానికి తోడు వసంతం. మా తీరాన బంగాళాఖాతం మట్టం ఏడాదిలోకెల్లా కిందికి దిగేది ఈ మార్చి, ఏప్రిల్ నెలల్లోనే. నైరుతి నుంచి తీరం వెంబడి వీచే గాలి పైనీటిని లోపలి సముద్రంలోకి తోస్తే, అడుగునుంచి చల్లని నీరు పైకి ఊరుతుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఇ.సి. లాఫాండ్ ఆ ఊట మీద ఇక్కడే పరిశోధన చేశాడు. చంద్రుడు, సూర్యుడు, గాలి, ఊట: నలుగురు బోయీలు ఒక్కసారి భుజం ఎత్తితే పల్లకీ లేచినట్టు, ఈవేళ సముద్రం లేచి పక్కకి జరిగింది.

జరిగింది ఎంతని? గుజరాతులో ఖంబాతు వైపు పది మీటర్ల దాకా లేచి పడుతుందట నీరు. ఇక్కడ పోటుకీ పాటుకీ నడుమ మహా అయితే ఒకటిన్నర మీటరు, ఎదిగే పిల్లవాడి ఎత్తు. మన సముద్రం బిడియస్తురాలు, కుచ్చెళ్లు చీలమండ దాకానే ఎత్తుతుంది. ఆ పాదానికి ఉన్న అందెలు లెక్కపెట్టడానికే నాకు ఈ జన్మ చాలదు.

వరాహమై భూమిని నీటిలోంచి ఎత్తినవాడా, ఆ ఎత్తడం ఎప్పుడో జరిగిపోయిన కథ అని ఎందుకనుకున్నాం? 24 గంటల 50 నిమిషాలకు రెండుసార్లు, ఏ పౌరాణికుడూ గొంతెత్తని పల్లెల ఒడ్డున, నీ కోర మీద నేల కొద్దికొద్దిగా లేస్తూనే ఉంది. నీరోడుతూ, నాచు వేలాడేసుకుని, పీతలు ఒడిలోంచి జారిపోతుండగా, అప్పుడే పుట్టిన బిడ్డలా కళ్ళు చికిలించుకుంటూ లేస్తోంది. ప్రతి పాటూ ఒక అవతారమే. మేం పంచాంగంలో రాసుకోలేదంతే.

రాళ్లలోకి దిగాను. దిగాను అనడమే సరైన మాట. ఈ తీరం మెట్లమెట్లుగా ఉంది, ఒక్కో మెట్టు మీద ఒక్కో కులదైవం కొలువున్నట్టు ఒక్కో జాతి ప్రాణి కాపురం. అన్నిటికన్నా పైమెట్టున మిరియపు గింజంత నత్తలు. అలలు అక్కడికి అందవు, తుంపరే అందుతుంది. ఆ తుంపరనే తీర్థంగా పుచ్చుకుని, గుల్ల అంచుని జిగురుతో రాతికి అతికించుకుని, లోపల ఒక్క చుక్క తడి దాచుకుని, ఎండు రోజులు కూడా ఓర్చుకుంటాయవి. నీళ్ళలో పుట్టి నీళ్ళకి దూరంగా, నీళ్ళని మరవకుండా బతికే ఆ గింజల్ని చూస్తే పరదేశంలో ఉండి ఇంటి దేవుడి పటం పెట్టెలో దాచుకునేవాళ్లు గుర్తొచ్చారు.

ఒక మెట్టు కింద తెల్లని బొడిపెలు, వేలకు వేలు, రాయి కనపడకుండా. బార్నకిల్స్. పీతకీ రొయ్యకీ చుట్టాలు. ఈతలో గడిపిన పసితనం ముగిశాక తల రాతికి అతికించుకుని, చుట్టూ సున్నపు గోడలు కట్టుకుని, ఇక బతికినన్నాళ్లూ తలకిందులుగానే ఉంటాయి. నీరు వచ్చినప్పుడు తలుపు తీసి, ఈకల్లాంటి కాళ్లు బయటికి చాపి, అలలో కొట్టుకొచ్చే రేణువుల్ని నోట్లోకి విసురుకుంటాయి. నీరు పోతే తలుపు మూసి మౌనం. యుగయుగాల శీర్షాసనం! చెవి ఆనించి విన్నాను. లోపలినుంచి సన్నని చిటపటలు. ఎండకి ఆరుతున్న రాయి చప్పుడో, తలుపులు సర్దుకుంటున్న ఆ యోగుల గొణుగుడో తెలియదు. వేసవి మధ్యాహ్నం ఊళ్ళో గోళెం దగ్గర బియ్యం కడిగినట్టు ఉంది ఆ చప్పుడు.

ఇంకాస్త కింద, బోర్లించిన చిన్న మూకుళ్లలా రాతికి కరుచుకున్న నత్తలు కొన్ని. శాస్త్రజ్ఞులు లింపెట్లంటారు. వీటిలో కొన్ని నీరు వచ్చినప్పుడు మేతకి బయలుదేరి, రాతి మీది పాచి గీరి తిని, నీరు పోయేలోపు తమ చోటుకే తిరిగి వస్తాయి. పక్క చోటు కాదు, సరిగ్గా తమదే. రాతి వంపుకి తగ్గట్టు గుల్ల అంచు పెరుగుతుంది, గుల్ల అంచుకి తగ్గట్టు రాయి అరుగుతుంది. రెండూ ఒకదానికొకటి ఇంతగా ఒదిగాక, మధ్య నీటిచుక్క బయటికి కారే సందుండదు. ఇక వాటి నాలుక మీది పళ్లు! 2015లో ఇంగ్లండులోని శాస్త్రజ్ఞులు వాటిని లాగి చూసి, అంతవరకు కొలిచిన ప్రకృతి పదార్థాలన్నిట్లోకీ బలమైనవని తేల్చారు. సాలెగూటి పట్టుకన్నా బలం. వాటిలో ఉన్నది గోథైట్ అనే ఇనుప ఖనిజం. ఆ ఖనిజానికి పెట్టింది జర్మన్ మహాకవి గోథే పేరు. నత్త నోట్లో కవి పేరు ఉండడం నాకు ఎంత సంతోషాన్నిచ్చిందో చెప్పలేను.

అక్కడినుంచి రంగులు మొదలయ్యాయి. ఎండ తగిలిన చోట మరకతపు రేకుల నాచు, నీడ పట్టున తేనెరంగు తీగలు, రాతి పగుళ్లలో గులాబీ పొరలు, కుంకుమ పొరలు, నారింజ స్పంజీలు. నీరు తలదువ్వి వెళ్ళిపోయిన ఆ శైవాలశయ్యలన్నీ ఒకే పక్కకి వాలి, సముద్రం వెళ్ళిన దారి చూపిస్తున్నాయి. కాలు పెడితే మెత్తన, జారుడు, చల్లదనం. నాచు కింద కన్ను చిట్లిస్తే ఇంకో నాచు, దాని మీద పొడి రాలినట్టు నత్త గుడ్లు, గుడ్ల మధ్య ఆవగింజ పురుగు, పురుగు వీపు మీద మళ్ళీ పచ్చదనం. ఎక్కడ ఆగాలో తెలియని చేయి రాసిన ముగ్గులా ఉంది. ఇంత ఎందుకు స్వామీ? ఎవరూ చూడని చోట, ఏడాదిలో కొద్ది గంటలే నీటిపైకి తేలే చోట, ఇంత శ్రద్ధ ఎందుకు? గర్భగుడి గోడకి వెనకవైపు కూడా శిల్పం చెక్కే స్థపతి చేతివాటం ఇది.

తొట్లకొండకి ఆ పేరు వచ్చింది రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల. రెండు వేల ఏళ్ల కిందట ఆ కొండ మీద ఉన్న బౌద్ధ భిక్షువులు వాన నీటిని ఆ తొట్లలో పట్టుకుని తాగేవారు. కొండ కింద సముద్రం కూడా రాళ్లలో తన తొట్లు తాను తొలుచుకుంది. అరచేయంత ఒకటి, ధాన్యపు గాదంత ఒకటి. నీరు పోయినా వీటిలో నీరు పోదు. ఒక తొట్టి పక్కన బోర్లా పడుకున్నాను, నా నీడ నీటి మీద పడకుండా. పడితే లోపలివాళ్లు దాక్కుంటారు. నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి, ఏమీ లేదు. దర్శనానికి వచ్చినవాడు కుదురుగా ఉండాలన్న నియమం ఇక్కడా ఉంది.

అప్పుడు తొట్టి నిద్రలేచింది.

మొదట కదిలింది ఒక గుల్ల. ఇటు నాలుగడుగులు, అటు రెండడుగులు. సన్యాసి పీత. కొండ మీది భిక్షువులకు చీవరం ఎంతో వీడికి ఈ గుల్ల అంత. సొంత ఇల్లు కట్టుకోడు, చనిపోయిన నత్త వదిలిన ఇంట్లో ఉంటాడు, ఒళ్లు పెరిగితే ఇంకో ఇంట్లోకి మారతాడు. ఆ మారే క్షణం చూడాలి: మెత్తని, ముడుచుకున్న, సిగ్గుపడే వెనక శరీరం ఒక్క రెప్పపాటు బయటపడి కొత్త గుల్లలోకి చొరబడుతుంది. అంతలో గోడ వారన నేను నాచు మొటిమ అనుకున్నది విచ్చుకుంది. సముద్రపు పువ్వు, ఎనిమోన్. జెల్లీచేపలకి, పగడాలకి దగ్గరి బంధువు. రేకుల్లా కనిపించేవి చేతులు. నడుమ ఉన్న ఒక్క నోరే దానికి లోపలికీ బయటికీ దారి. వేలి కొన ఆనించాను. జిగురు అంటినట్టు పట్టుకుంది. కంటికి కనపడని ముళ్లు వేలకు వేలు వేలిలోకి వదిలిందని పుస్తకాలు చెబుతాయి, నాకు తగిలింది మాత్రం పసిబిడ్డ వేలు పట్టుకున్నట్టు ఉంది. తరవాత ఇదేదో తినే వస్తువు కాదని తెలుసుకుని వదిలేసి, రేకులన్నీ లోపలికి ముడుచుకుని మళ్ళీ మొటిమైపోయింది.

చేపలు కూడా ఉన్నాయి, వేలెడంతవి, రాతి రంగువి. ఒకటి నన్ను చూసి బెదిరి ఎగిరింది. ఎగిరి గాలిలోంచి పక్క తొట్టిలో పడింది. అక్కడినుంచి మళ్ళీ ఎగిరి మూడో దానిలో. ఎండిన రాతి మీద ఒక్కసారీ పడలేదు. రాయి అడ్డం ఉంది కదా, ఆవల నీరుందని దానికెలా తెలుసు? ఇలాంటి చేపల్నే పట్టుకుని లెస్టర్ ఆరన్సన్ అనే ఆయన 1951లో ఈ ప్రశ్నే అడిగాడు. పోటు వేళ రాళ్లన్నీ మునిగి ఉన్నప్పుడు చేప వాటి మీదుగా ఈదుతుంది. ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ మిట్ట ఉందో మనసులో పటం గీసుకుంటుంది. పాటు వచ్చి లోకం ముక్కలైనప్పుడు ఆ పటం చూసి దూకుతుంది. నిండుగా ఉన్నప్పుడు నేర్చుకున్న దారి, ఎండినప్పుడు పనికొస్తోంది దానికి. ఆ వేలెడంత చేప తల ఎంత ఉంటుంది, అందులో బంగాళాఖాతపు అడుగు ఎంత పడుతుంది? తండ్రీ, నువ్వు పెట్టిన పెట్టెలు ఎంత చిన్నవి, వాటిలో సర్దిన సరుకు ఎంత పెద్దది!

ఇక చిట్టచివరి మెట్టు. చెలియలికట్ట అంటాం, సముద్రం దాటకూడని గీతని. అవతలివైపు నుంచి చూస్తే మనకీ ఒక చెలియలికట్ట ఉంది. ఊపిరి ఉన్న మనిషి మామూలుగా దాటలేని గీత. ఈవేళ ఒక్క పూటకి ఆ గీత అల్లంత దూరం జరిగింది. మోకాలి లోతు నీటిలో, ఊడలు దిగినట్టు వేలాడే గోధుమరంగు నాచుల మధ్య నిలబడ్డాను. నల్లని ముళ్ల బంతులు రాతి గుంటల్లో ఒదిగి ఉన్నాయి. ఆ గుంటలు వాటివే. అయిదు పళ్లతో తరతరాలుగా రాతిని గీరి గీరి గది చేసుకున్నాయి. నోటికి పళ్లు అయిదు, పెంకు మీద వరసలు అయిదు. పంచాక్షరి ఎవరు చెప్పారో వీటికి! పక్కన గుప్పెడంత మాంసపు ముద్ద ఒకటి పాకుతోంది, తల మీద చెవుల్లాంటివి రెండు నిక్కబొడుచుకుని. సముద్రపు కుందేలు. తడిమితే ఊదారంగు పొగ వదిలింది. నీటిలో సంజ మబ్బు విచ్చుకున్నట్టు ఒక్క క్షణం. ఈ మెత్తని జీవి బంధువునే ప్రయోగశాలలో పెట్టుకుని, దాని ఇరవై వేల నరాల కణాల్లో జ్ఞాపకం ఎలా నిలుస్తుందో వెతికి ఎరిక్ కాండెల్ 2000 సంవత్సరంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. మా అమ్మ పాడిన లాలి నాకింకా గుర్తుండడానికి కారణం ఈ చెవుల ముద్ద చెప్పిందన్నమాట.

అప్పుడే నా పక్కనున్న రాయి ఊపిరి తీసుకుంది.

అబద్ధం చెప్పడం లేదు. రాయే అనుకున్నాను. అదే గరుకు, అదే మచ్చలు, అదే పాచి రంగు. దానికో సందు మెల్లగా తెరుచుకుని మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. తరవాత దానికో కన్ను మొలిచింది. అడ్డంగా గీత గీసినట్టున్న నల్లపాప, బంగారు చుట్టు. ఆక్టోపస్. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఎంతసేపో లెక్క లేదు. దానికి మూడు గుండెలు. దాని రక్తం రాగి కలిసిన నీలం. సుమారు 50 కోట్ల నరాల కణాల్లో మూడింట రెండు వంతులు తలలో కాదు, చేతుల్లోనే ఉన్నాయి, ఒక్కో చేయీ సొంతంగా ఆలోచించుకునేంత. ఇవన్నీ చదివినవే. ఆ కన్ను ముందు అవేవీ గుర్తుకు రాలేదు. నన్ను ఎవరో చూస్తున్నారన్న ఎరుక ఒక్కటే. ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దావిడ దారిన పోయేవాణ్ణి చూసినట్టు చూసింది, ఎవరబ్బాయివి నువ్వు అన్నట్టు. చూపు తిప్పకుండానే రంగు మార్చింది. రాతి బూడిద నుంచి ఇటుక ఎరుపు, ఎరుపు నుంచి గంధం. నిజంగా గంధమే, అప్పన్న ఒంటి మీది గంధం. ఆ తరవాత రాతి సందులోకి నీరు కారిపోయినట్టు కారిపోయింది. నేను చేతులు జోడించానని చాలాసేపటికి గానీ తెలియలేదు.

నిజరూపమంటే ఇదే కాబోలు స్వామీ. కప్పుకున్నది తీస్తే లోపల రాయి ఉంటుందనుకున్నాను, లోపలినుంచి నన్ను చూసే కన్ను ఉంది.

తిరిగి వస్తూ కొంతసేపు తడి ఇసక మీద కూర్చున్నాను, కాళ్లు వణుకుతున్నాయి. ఇక్కడి ఇసక ఉత్త ఇసక కాదు. పిడికెడు తీసి ఎండకి పట్టుకుంటే ఎర్రని గార్నెట్ రవ్వలు దానిమ్మ గింజల్లా మెరుస్తాయి. తూర్పు కనుమల ఖోండలైటు రాయి అరిగి ఇచ్చిన కానుక అది. ఆ రాతికి 1902లో టి.ఎల్. వాకర్ ఆ పేరు పెట్టింది ఖోండు గిరిజనుల పేరు మీదే. కోణార్కలో సూర్యుడి రథం చెక్కింది కూడా ఈ రాతిలోనే. భూమి లోతుల్లో ఉడికి సుమారు నూరు కోట్ల ఏళ్లయిన రాయి. ఒకప్పుడు ఈ తీరానికి ఎదురుగా సముద్రం లేదు, అంటార్కిటికా ఉంది. రెండూ విడిపోయి మధ్యలోకి నీరు వచ్చింది. నా పిడికిట్లోని ఎర్ర రవ్వలకి తోబుట్టువులు అక్కడ మంచు కింద చీకట్లో ఉన్నాయి.

ఆ రవ్వకీ రవ్వకీ నడుమ ఉన్న సందులో కూడా ఊరుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చెప్పిన ఆచార్య పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు 1960ల నాటికే వాల్తేరు ఇసకని నీటిలో కడిగి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఇసక రేణువుల మధ్య సందుల్లో కాపురముండే జీవుల లెక్క రాశారు. రేణువు వాటికి కొండ, రెండు రేణువుల మధ్య తడి వాటికి చెరువు. ఆ చెరువుకి కూడా పోటూ పాటూ ఉంటాయి, ఆ చెరువులోనూ ఒకటి ఇంకోదాన్ని తింటుంది, గుడ్లు పెడుతుంది, పోతుంది. నేను కూర్చున్నది ఎన్ని లక్షల ఇళ్ల మీదో. లేవడానికి భయమేసింది. కూర్చోవడానికీ భయమేసింది. చివరికి లేచి, పాదం పూర్తిగా ఆనకుండా నడిచాను, అదేదో సాయపడుతుందన్నట్టు.

కొండ నీడ నీటి దాకా వచ్చేసరికి సముద్రం మనసు మార్చుకుంది. శబ్దమే ముందు తెలిసింది. అంతసేపూ దూరంగా గొణుగుతున్న గొంతు దగ్గరయింది. అడుగున ఎక్కడో రాతి సందుల్లోంచి గుటకలు వేస్తున్న చప్పుడు. చందనోత్సవం నాటి రాత్రి దర్శనాలు ముగిశాక అప్పన్నకు సహస్ర ఘటాభిషేకం చేసి, మూడు మణుగుల కొత్త చందనం తొలి విడతగా పూస్తారు. ఇక్కడా మొదలయింది. ఘటం మీద ఘటం, అల మీద అల. ఆక్టోపస్ రాయి ముందు మునిగింది. ముళ్ల బంతుల గదులు నిండాయి. వాలిపోయిన నాచులు లేచి నిలబడి జుట్టు విరబోసుకున్నాయి. తొట్టి అంచు మీదుగా తెల్లని నురుగు జారి లోపల పడగానే వేలెడంత చేపలన్నీ ఒక్కసారి కదిలాయి, పటం గీసుకోవడానికి. శీర్షాసనపు యోగులు తలుపులు తీసి ఈకల కాళ్లు చాపారు. ఆకలి తీర్చే తల్లి వచ్చింది. ఫేనశుభ్రమై, ఘోషగంభీరమై, కొంగు నిండా మెతుకులు తెచ్చుకుని వచ్చింది.

ముసలమ్మ అప్పటికే గిన్నె నెత్తిన పెట్టుకుంది. "పద బాబూ, ఇంక ఉండకూడదు," అంది. తోరణం కిందినుంచి వచ్చేసరికి నీరు మా చీలమండలు తాకింది. ఆమె వంగి ఆ నీరు రెండు చుక్కలు నెత్తిన చల్లుకుంది. ఏమీ అనలేదు. నేనూ చల్లుకున్నాను.

రోడ్డు మీదికి ఎక్కి వెనక్కి చూస్తే సముద్రం ఏమీ ఎరగనట్టు నీలంగా పడుకుని ఉంది. పడమట కొండల మీద, సంజ ఎరుపు ఇంకా ఆరకుండానే, విదియ చంద్రుడు. ఆల్చిప్ప అంచంత సన్నం. ఇంత చేసినవాడు అంత సన్నగా, అంత నెమ్మదిగా! ఈ ఆటుపోట్ల వల్లే వాడు ఏటా మననుంచి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడట. గోరు పెరిగే వేగం. ఇంకా చాలా కాలం వినిపిస్తుందిలే వాడి పిలుపు.

టీ బడ్డీ దగ్గర చిల్లర కోసం జేబులో చెయ్యి పెట్టాను. వేలిని ఏదో గీరింది.

చుక్కల చుక్కల చిన్న గుల్ల. తొట్టి దగ్గర ఎప్పుడు ఏరానో, ప్రసాదం అనుకునే ఏరి ఉంటాను, లోపల చూడలేదు. దీపం వెలుగులో పట్టుకుంటే గుల్ల గుమ్మంలో ముడుచుకున్న చిన్న కాళ్లు, వాటి వెనక రెండు కళ్లు. టీ అక్కడే వదిలేసి పరుగెత్తాను. చీకటి పడింది, ఫోన్ టార్చి వేసుకుని రాళ్ల పైవరస దాకా దిగాను. ముందు అల మోకాళ్ల దాకా తడిపి వెనక్కి తీసింది. వంగి, నీరు నిలిచిన ఒక గుంటలో గుల్లని మెల్లగా దించాను. కాసేపు ఏమీ లేదు. తరవాత ఒక కాలు, ఇంకో కాలు. ఇల్లు ఒకసారి ఊగింది. ఆ మనిషి ఇల్లెత్తుకుని, వెనక్కి చూడకుండా, వస్తున్న నీటికి ఎదురు నడిచాడు.